నలభై ఒకటో గుర్తు

గూళూరు దగ్గర కాకులగుట్ట మీద సినిమా తీస్తున్నారని తెలిసి మొదటి రోజు ఊరంతా కదిలింది. మూడో రోజుకు మనిషన్నవాడు రాలేదు. వచ్చి చూడటానికి ఏముందని? ఒక కుర్రాడు బండ మీద బోర్లా పడి ఉంటాడు, వాడి నెత్తిన డ్రోను తిరుగుతూ ఉంటుంది, ఎవరో 'కట్' అంటారు. కుర్రాడు లేచి, గొడుగు కింద కూర్చుని, ఐసుముక్కలేసిన నీళ్ళు తాగి, మళ్ళీ వచ్చి దాహంతో చావబోతాడు. దానికి ఏప్రిల్ ఎండలో నిలబడి చూసే ఓపిక పల్లెటూరివాళ్ళకు లేదు. వాళ్ళకు వాళ్ళ ఎండ చాలు.

ఆ సినిమాకు కళాదర్శకుడి సహాయకురాలు అంబిక. బెంగళూరులో బొమ్మలు వేయడం చదువుకుని వచ్చిన పిల్ల, ఇరవై ఆరేళ్ళది. గుట్టకు ఈ పక్కనున్న ఊరే ఆమెది. పుట్టి బుద్ధెరిగాక ఆ గుట్టను కింద నుంచి రోజూ చూసిందే గాని, పైకి ఎక్కింది మాత్రం ఈ సినిమా పుణ్యాన్నే. ఆడపిల్లలకు గుట్ట మీద పనేముందని ఇంట్లో ఎవరూ పంపలేదు. గుట్ట మీద పని ఉన్నది వాళ్ళ పెదనాయన పిళ్ళప్పకు, ఆయన గొర్రెలకు.

పిళ్ళప్పకు డెబ్బై దగ్గర పడ్డాయి. రెండు కళ్ళకూ శుక్లాలు వచ్చి రెండేళ్ళయింది. ఆపరేషన్ చేయించుకోమంటే గొర్రెలకు తనతో పని ఉంది గాని తనకు కళ్ళతో పని లేదని కొట్టిపారేసేవాడు. అది ఉత్త గొప్ప కాదు. చేతికర్రతో బండను తట్టుకుంటూ, యాభై ఏళ్ళ అలవాటు మీద ఎక్కి దిగుతూనే ఉన్నాడు. నీళ్ళ సీసా కూడా పట్టుకుపోయేవాడు కాదు. గుట్ట మీద దొన ఉంది. బండలో సహజంగా పడిన గుంట అది. వానకు నిండి, పైన పలకరాయి మూత ఉండబట్టి ఎండాకాలంలోనూ ఆరదు. దొన ఉన్న గుట్టకు చెంబు మోసుకుపోయేవాణ్ణి గొర్రెలు కూడా చూసి నవ్వుతాయని ఆయన అనేవాడు.

సినిమా కథ ఆయనకు అంబికే చెప్పింది. బెంగళూరు నుంచి గుట్ట ఎక్కడానికి వచ్చిన కుర్రాడికి కాలు బెణుకుతుంది. ఫోను పనిచేయదు. నీటిచుక్క లేకుండా ఆరు రోజులు గుట్ట మీదే పడి ఉంటాడు. పిళ్ళప్ప అంతా విని, డైరెక్టర్ని చూడాలన్నాడు. డైరెక్టర్ శ్రేయస్ చింతామణివాడు, గుడి అర్చకుల ఇంటి పిల్లవాడు. ఒక్క దృశ్యం కోసం తిండి మానేసే రకం. అతను బొమ్మను కళ్ళకద్దుకుని తీసేవాడు గాని, కథను ఎడంచేత్తో రాసేవాడని యూనిట్లో అందరికీ తెలుసు.

“బెణికిన కాలుతో డేక్కుంటా వచ్చినా ఒక పూటకు దిగొచ్చు,” అన్నాడు పిళ్ళప్ప. “గూళూరు బస్సు హారను వినిపిస్తాది పైకి. పైగా దొన ఉండాది. ఆర్నాళ్ళు నీళ్ళు లేకుండా ఎట్ల పడుకుంటాడప్పా ఆ పిల్లోడు?”

శ్రేయస్ నవ్వాడు. “ఆ దొన లేదనుకోండప్పా.”

“లేదనుకుంటే లేకుండా పోతాయా నీళ్ళు?” అని పిళ్ళప్ప కర్ర తీసుకుని లేచాడు. ఆ మాట రెండు రోజులు యూనిట్లో తమాషాగా తిరిగింది. భోజనంలో కూర తక్కువైతే ఉందనుకోమనేవాళ్ళు.

కథ అతకలేదని శ్రేయస్‌కూ తెలుసు. అందుకే బొమ్మ మీద మరింత పట్టుపట్టాడు. బండంతా బోసిగా ఉంది, డ్రోను పైకి లేచినప్పుడు చూసేవాడి ఊపిరి ఆగిపోవాలి, ఏదైనా చెయ్యమని అంబికను అడిగాడు. అంబికకు చిన్నప్పటి సంగతి ఒకటి గుర్తొచ్చింది. గుట్ట మొదట్లో గొర్రెల కోసం ఎదురుచూస్తూ నిలబడ్డప్పుడు, పెదనాయన పైన ఎక్కడో ఒంగి రాయి మీద రాయి పెట్టడం చూసింది. ఏంటని అడిగితే గుర్తు అన్నాడంతే. కొండ మీది గుళ్ళకు పోయినవాళ్ళు సొంతిల్లు కావాలని మొక్కుకుని దారి పక్కన రాళ్ళు పేరుస్తారు కదా, అదే అనుకుంది. పెదనాయన మిద్దె వేసింది కూడా ఆ ఏడే కాబట్టి మొక్కు ఫలించిందని కూడా అనుకుంది. శ్రేయస్‌కు ఈ మొక్కు రాళ్ళ సంగతి చెబితే ఎగిరి గంతేశాడు.

ఇద్దరు మనుషులను పెట్టుకుని రెండు రోజుల్లో నలభై పేర్చింది. ఒక్కోటి మూడేసి రాళ్ళు, కింద పెద్దది, పైన చిన్నది. ఆఖరుది బండ అంచున, కెమెరా చూపు ఆగేచోట ఉండాలన్నాడు శ్రేయస్. అక్కడ అప్పటికే ఒంటిరాయి ఒకటి నిలబెట్టి ఉంది. సగంలో ఆగిన మొక్కులా అనిపించి, దాని మీద ఇంకో రెండు రాళ్ళు పెట్టి పూర్తి చేసింది. మర్నాడు డ్రోను లేచింది. ఎర్రటి బండ మీద పొట్టి నీడలతో రాళ్ళకుప్పలు, మధ్యలో కుర్రాడు. మానిటర్ ముందు నిలబడినవాళ్ళు మళ్ళీ ఒకసారి చూపించమన్నారు. అంబిక కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆమె చేసిన పని జీవితంలో మొదటిసారి ఆమెకే నచ్చింది.

షూటింగు కోసం గొర్రెలను పన్నెండు రోజులు గుట్ట ఎక్కనివ్వలేదు. కింద మేత అయిపోయింది. పదమూడో రోజు యూనిట్ తూర్పు పక్కకు మారింది. పైన పని అయిపోయిందని, ఇక తోలుకుపోవచ్చని అంబికే పెదనాయనకు చెప్పింది. చిన్నా చితకా ముక్కలు తీయాల్సి వస్తుందేమోనని కుప్పలు మాత్రం అలాగే ఉంచమన్నాడు శ్రేయస్. ఆ సంగతి పెదనాయనకు చెప్పాలని ఆమెకు తట్టలేదు. ఎందుకు తడుతుంది? రాళ్ళే కదా.

పిళ్ళప్ప పొద్దున ఏడింటికి ఎక్కాడు. మధ్యాహ్నం ఒంటిగంటకు గొర్రెలు దిగొచ్చాయి. నేరుగా వంటవాళ్ళ దగ్గరికి వచ్చి, గిన్నెలు కడిగే తొట్టిలో మూతులు పెట్టి, ఒకదాన్నొకటి తోసుకుంటూ తాగాయి. వంటవాడు అరుస్తుంటే అంబిక చూసింది. ముప్పై రెండూ ఉన్నాయి. వాటి వెనకాల మనిషి లేడు. ఈ గొర్రెలు పైన నీళ్ళు తాగి గాని దిగవని ఆమెకు తెలుసు. పెదనాయన లేకుండా అవి దిగడం ఆమె పుట్టాక జరగలేదు.

శ్రేయస్‌తో చెప్పింది. నాలుగింటికి కావాల్సిన వెలుతురు వస్తుంది, అంతలో రిహార్సల్ చేయాలి, పెద్దాయన ఏ నీడనో కునుకు తీస్తుంటాడని అన్నాడు. అంబిక కదలకుండా నిలబడింది. ఆమె ముఖం చూసి వాకీటాకీ చేతిలో పెట్టి, డ్రోను కూడా లేపమన్నాడు. డ్రోను గుట్టంతా రెండు చుట్లు తిరిగింది. మానిటర్లో మళ్ళీ అదే బొమ్మ, అవే కుప్పలు. మనిషి లేడు. ఇంత అందంగా ఉండి, అవసరానికి ఎందుకూ పనికిరాలేదని అంబికకు ఆ బొమ్మ మీద అసహ్యం పుట్టింది. రెండు నీళ్ళ సీసాలు సంచిలో వేసుకుని ఎక్కడం మొదలుపెట్టింది.

బండ కాలుతోంది. బూట్ల అడుగులు మెత్తబడుతున్నాయి. పెదనాయన చెప్పుల్లేకుండా ఎక్కుతాడన్న సంగతి గుర్తొచ్చింది. పిలిచింది. గొంతు బండకు తగిలి వెనక్కి వచ్చింది తప్ప జవాబు రాలేదు. రెండుగా చీలిన పెద్ద గుండు, పగులుగుండు దాటాక మొదటి కుప్ప ఉంది, తను పేర్చిందే. దాన్ని దాటిపోబోతూ ఆగింది. కుప్పకు దక్షిణం పక్క మట్టి గీరి ఉంది. కుక్కో నక్కో అనుకుంది. రెండో కుప్ప దగ్గరా అంతే, దక్షిణం పక్కే. మూడో దాని దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని చూసింది. అవి జంతువు గీతలు కావు. నాలుగు వేళ్ళు, పక్కన కర్ర మొన ఆనిన గుంట.

ఎందుకు వెతికాడో అర్థం కాలేదు. నాలుగో దాని దగ్గర అర్థమైంది.

అక్కడ ఒక పలకరాయి ఉంది. దాన్ని ఎత్తి చూసి పక్కన పడేసి ఉన్నాడు. మూత అనుకున్నాడు. దొన మూత. అంటే మూడు రాళ్ళు మొక్కు కాదు. మూడు రాళ్ళంటే నీళ్ళు.

 కళ్ళు కనబడని మనిషి, పగులుగుండు నుంచి కర్రకు తగిలే మూడు రాళ్ళను బట్టి నీళ్ళ దగ్గరికి పోయే మనిషి. ఆ దారిలో తను నలభై అబద్ధాలు పెట్టింది. ఆయన ప్రతి అబద్ధాన్నీ నమ్మి, వంగి, చేయి పెట్టి చూసుకుంటూ పోయాడు. ఆయన్ను కనిపెట్టడానికి ఇక గుట్ట తెలియాల్సిన పని లేదు. తను పేర్చిన వరుస గుర్తుంటే చాలు.

ఎనిమిదో దాని దగ్గర గీతలు వంకరపోయాయి. పదకొండో దాని మీద రక్తపు మరక ఉంది, గోరు లేచినట్టుంది. పదిహేనో దాని పక్కన తలగుడ్డ పడి ఉంది, ఉండ చుట్టి, నోట పెట్టి పీల్చినట్టు. అంబిక ఏడుస్తూ నడిచింది, నడుస్తూ పిలిచింది, పిలుస్తూ లెక్కపెట్టింది. పంతొమ్మిది. ఇరవై రెండు. తర్వాత ఆయన దారి తప్పి, వరుస వదిలి, నేరుగా బండ అంచుకు పోయినట్టు కర్ర గుంటలు చెప్పాయి. అంచున ఆఖరు కుప్ప నిలబడి ఉంది. దాని దక్షిణం పక్క మట్టి లేదు, బండ లేదు. మనిషి పట్టేంత నెర్ర ఉంది, లోపల చీకటి.

“పెదనాయనా,” అంది అంచున బోర్లా పడుకుని.

చాలాసేపటికి లోపల నుంచి దగ్గు వినబడింది.

వాకీటాకీలో ఏం చెప్పిందో ఆమెకే తెలియదు. పది నిమిషాల్లో శ్రేయస్ తాడు పట్టుకుని వగరుస్తూ వచ్చాడు. హీరోకు ప్రమాదం జరగకుండా నడుముకు కట్టే తాడది. ఇంకెవరినీ దిగనివ్వకుండా తనే కట్టుకుని నెర్రలోకి దిగాడు. పైన డ్రోను తిరుగుతుంటే, దాన్ని ఆపి కెమెరా మూసేయమని లోపల నుంచే కేకేశాడు. ఆ ఒక్క మాటకు అంబిక అతన్ని తర్వాత చాలా వాటికి క్షమించింది.

పైకి తీసేసరికి పిళ్ళప్ప కుడికాలు తొడ దగ్గర వేలాడుతోంది. పెదవులు చీలి ఉన్నాయి. హీరో కోసం తెచ్చిన చల్లటి నీళ్ళు గుక్కగుక్కగా తాగించారు. ఎవరు తాగిస్తున్నదీ ముఖం మీద చేయిపెట్టి తెలుసుకున్నాడు.

“అంబికమ్మా. ఒగటి, రెండు, ఐదు, పది గుర్తులు. ఎవరో నాకన్నా తెలివైనోడు ఎక్కినాడు అనుకుంటి. మన గుట్టకు ఇన్ని నీళ్ళు దొరికినాయా అని సంతోషపడితినమ్మా.” కాసేపు ఊపిరి తీసుకున్నాడు. “ఈ నెర్రకాడ నేనే ఒంటిరాయి పెట్టింటి. ఒంటిరాయంటే పోవద్దని. చేత్తో తడిమితే మూడు తగిలె. నాకు మతి పోయినట్లుండాది, ఆడ ఏం పెట్టింటినో మర్చిపోయినా.”

చుట్టూ ఉన్నవాళ్ళలో అంబిక తప్ప ఆ మాట ఎవరికీ అర్థం కాలేదు. ఊరుకుంటే సరిపోయేది. ముసలితనం మీదికి పోయేది తప్పంతా. అంబిక ఆయన చెయ్యి గట్టిగా పట్టుకుంది.

“నువ్వు మర్చిపోలేదు పెదనాయనా. ఆ ఒంటిరాయి మీద రెండు రాళ్ళు పెట్టింది నేను. మిగతావన్నీ నేను పేర్చినవే. సినిమాకి.”

పిళ్ళప్ప పొర కమ్మిన కళ్ళు ఆకాశం వైపు తిప్పాడు.

“చూసేదానికి బాగుండిందా?” అన్నాడు.

“బాగుండింది,” అంది అంబిక. అంతకన్నా కఠినమైన మాట ఆమె అంతవరకూ పలికి ఉండదు.

ఆయన్ను చిక్కబళ్ళాపురం ఆసుపత్రికి తీసుకుపోయి తొడలో కడ్డీ వేశారు. మర్నాడు అంబిక ఒంటరిగా గుట్ట ఎక్కింది. ఒక్కో కుప్పనూ కాలితో తన్ని, రాళ్ళను దూరదూరంగా విసిరికొట్టింది. కసితో లెక్కపెట్టుకుంటూ కూల్చింది. పొద్దు వాలేసరికి చేతులు పగిలాయి, గుట్ట శుభ్రమైంది. ముప్పై తొమ్మిది, నలభై, నలభై ఒకటి. నీళ్ళు తాగబోతూ ఆగిపోయింది. మళ్ళీ లెక్క చూసుకుంది. తను పేర్చింది నలభై. కూల్చింది నలభై ఒకటి.

అడుసు తొక్కి కాలు కడుక్కోవడమంటే ఇదే కాబోలు, ఆ కాలు కూడా అడుసులోనే కడుక్కుంది. నలభై అబద్ధాలతోపాటు ఉన్న ఒక్క నిజాన్నీ, దొన దగ్గర పెదనాయన పెట్టుకున్న గుర్తునూ కూల్చేసింది. ఏది ఎక్కడుందో గుర్తు లేదు. ఎకరాల కొద్దీ బండ, ఎక్కడ చూసినా ఒకే రకం పలకరాళ్ళు.

పిళ్ళప్పకు చెబితే పోనీలెమ్మన్నాడు. పగులుగుండు దాటాక కర్రకు మొదట తగిలే మూడు రాళ్ళే అని చెప్పాడు. రాళ్ళే లేనప్పుడు మొదటిది ఏది? ఆయన ఇక గుట్ట ఎక్కలేడని డాక్టరు చెప్పాడు. అంబిక రెండుసార్లు పోయి, మోకాళ్ళ మీద పాకుతూ వెతికి, ఉత్తచేతులతో దిగింది. గొర్రెలను ఇప్పుడు పక్కింటి బయ్యప్ప తోలుతున్నాడు. భుజాన నీళ్ళ క్యాను మోసుకుని ఎక్కుతుంటే పిళ్ళప్ప అరుగు మీద నుంచి ముఖం తిప్పుకునేవాడు. గొర్రెలు లేని మనిషికి కళ్ళతో పని పడింది కాబట్టి, వాళ్ళూ వీళ్ళూ చెప్పి రెండు కళ్ళకూ ఆపరేషన్ చేయించారు.

సినిమా విడుదలకు ముందు శ్రేయస్ ఫోను చేశాడు. ఆ డ్రోను దృశ్యం ఉంచనా తీసేయనా అని అడిగాడు. పెదనాయననే అడగమంది అంబిక. కష్టపడి తీసినాక పారేసేది ఎందుకని పిళ్ళప్ప అన్నాడట.

బాగేపల్లిలో మ్యాట్నీకి పోయారు ఇద్దరూ. పిళ్ళప్ప చంకకర్రను సీటు కింద పెట్టుకుని, కొత్త కళ్ళజోడు సర్దుకుని కూర్చున్నాడు. హాలు సగం నిండింది. చూడముచ్చటగా ఉందని, కథే అతకలేదని విరామంలో బజ్జీల దగ్గర అందరూ అనుకుంటున్నారు. ఆరో రోజు కూడా కుర్రాడి గడ్డం నున్నగా ఉందేమని ఎవరో అడిగారు. రెండో సగంలో ఆ దృశ్యం వచ్చింది. కుర్రాడు వెల్లకిలా పడి ఉన్నాడు. 'ఈ గుట్ట మీద ఒక్క చుక్క నీళ్ళు లేవు' అని వాడి గొంతు మనసులో మాటగా వినబడింది. కెమెరా మెల్లగా పైకి లేచింది. ఎర్రటి బండ, నీడలు, కుప్పలు. హాల్లో ఈలలు పడ్డాయి. అంబిక తల దించుకుంది.

పిళ్ళప్ప ఆమె మణికట్టు పట్టుకున్నాడు. 

“తల ఎత్తమ్మే. ఆ పిల్లోని తలకాడ జూడు. పైరాయి మొన దచ్చిణానికి తిరిగుండాదే, నేను పెడితే అట్లనే పెడతా, మూత యాపక్కుండాదో తెలిసేదానికి.” ఆయన వేలు తెర మీదికి చాచాడు. “అదొక్కటే నాది. వాడు దాహమంటా పడుకోనుండాడే, వాని తలాపునే నీళ్ళుండాయి.”

అంబిక చూసింది. పన్నెండు సెకన్ల బొమ్మ అది. పగులుగుండు ఎంత దూరం, అంచు ఎటు, కుర్రాడి తల ఎక్కడ అని కళ్ళు పెద్దవి చేసుకుని చూస్తుండగానే అయిపోయింది. అందరూ లేచి పోతుంటే ఇద్దరూ కూర్చునే ఉన్నారు. తర్వాతి ఆటకు మళ్ళీ టిక్కెట్లు కొనమని పిళ్ళప్పే చెప్పాడు. గేటు దగ్గరి మనిషి వాళ్ళను విడ్డూరంగా చూశాడు. ఆ సినిమాను వరసగా రెండుసార్లు చూసినవాళ్ళు బాగేపల్లిలో వాళ్ళిద్దరే అయ్యుంటారు.

మర్నాడు పొద్దున్నే అంబిక గుట్ట ఎక్కింది, చేతిలో సీసా లేకుండా. పగులుగుండు దగ్గర వీపు ఆనించి నిలబడి, కళ్ళు మూసుకుని ఆ బొమ్మను గుర్తు తెచ్చుకుంది. అడుగులు లెక్కపెట్టుకుంటూ నడిచి, కుర్రాడు చావబోయిన చోట మోకాళ్ళ మీద కూర్చుని, దక్షిణం పక్క చేత్తో తడిమింది. మూడో పలకరాయి కదిలింది. అడుగున చల్లగా, నల్లగా, కొత్త వాననీళ్ళు నిండా ఉన్నాయి. దోసిలితో తాగింది. మూత జాగ్రత్తగా పెట్టి, రాయి మీద రాయి మూడు రాళ్ళు పేర్చి, పైదాని మొన దక్షిణానికి తిప్పింది. తర్వాత నెర్ర అంచుకు పోయి, అక్కడ ఒక్కటే రాయి నిలబెట్టింది.